పసుపు ముద్దమీద ఎర్రని వేళ్ళు

గడిచిన వారాల్లో కథ ఇంతవరకు వచ్చింది. న్యూజీలాండ్‌లోని మౌంట్ రాస్కిల్‌లో అక్షయ్, నవీన కొనుక్కున్న ఇంటి గృహప్రవేశం ఒక్క అడుగు దగ్గర ఆగిపోయింది. ఆ ఇంటి వాకిలికి చెక్క గడప లేదు, సన్నని అల్యూమినియం పట్టీ మాత్రమే ఉంది. దానిమీద పసుపు నిలవకపోవడంతో అత్తగారు సరోజిని దాని ముందరి చెక్క మెట్టుకే దట్టంగా పసుపు పూసింది. కాళ్ళు కడిగించుకుని దంపతులు ఆ మెట్టుమీద కుడికాళ్ళు మోపారు. అక్షయ్ అడుగు పచ్చగానే పడింది. నవీన అడుగు పడినచోట పసుపు నెత్తురు రంగుకు తిరిగింది. సాయంత్రానికల్లా ఆ అడుగు ఫొటో జగిత్యాలలోని చుట్టాల దాకా వెళ్ళింది. ఇంట్లోనే ఏదో ఉన్నదని కొందరు, కోడలి కాలిలోనే ఉన్నదని కొందరు తీర్మానించారు. అమ్మేయడానికి ఇంటిని వేలానికి పెట్టారు. నవీన బట్టల సంచీతో న్యూ లిన్‌లో స్నేహితురాలు ఇంద్రజ ఫ్లాట్‌కు వచ్చింది. తిరిగి ఎప్పుడు రమ్మంటారో, అసలు రమ్మంటారో లేదో, ఆమెకు ఎవరూ చెప్పలేదు.

* * *

న్యూజీలాండ్‌లో దెయ్యాలకు కాలం కుదరదు. అక్టోబరు చివర లోకమంతా వాటి పండుగ జరుపుకునే వేళకు ఇక్కడ వసంతం నడుస్తూ ఉంటుంది. పిల్లలు నల్లటి ముసుగుల కింద సన్‌స్క్రీన్ రాసుకుని, పట్టపగటిలాంటి సాయంత్రం వెలుతురులో తలుపులు తడతారు. చూసి భయపడటానికి ఎంత మంచి మనసున్నా చాలదు. భూమి ఒరిగి తిరగడంలోనే ఉన్న ఈ చిక్కును ఇంద్రజ తన అపార్ట్‌మెంట్ మేరకు పరిష్కరించింది. ఆకులు రాలి, పొద్దు తొందరగా వాలే మే నెలలో, కింది అంతస్తు హాలులో దెయ్యాల విందు ఏర్పాటు చేసింది. చిరుతిళ్ళ పని నవీన తీసుకుంది. చేతులకు ఏదో ఒక పని ఉంటే తప్ప మధ్యాహ్నాలు గడవని స్థితిలో ఉన్నదామె.

ఆ శనివారం వంటింటి గట్టుమీద ఒక పళ్ళెం నిండా కళ్ళు ఆరుతున్నాయి. అవి చిన్న ఇడ్లీలు. ఒక్కొక్కదాని నడుమ నల్ల ఆలివ్ చక్రం, దాని చుట్టూ పుల్లతో గీసిన ఎర్రకారపు నరాలు.

"ఇదేంటే, ఈ కన్ను అటెటో చూస్తోంది?" ఇంద్రజ ఒక ఇడ్లీని వేలితో తిప్పింది.

"నీ దిక్కే చూస్తున్నది. పని చేయకుండ తిరుగుతున్నవని."

"నేను తిరగట్లేదు. నాణ్యత పరీక్షిస్తున్నాను." అని ఇంద్రజ ఆ కన్నును నోట్లో వేసుకుంది. ఆమె ఉద్యోగమూ అదే. పాలపొడి తయారుచేసే ఒక కంపెనీ ప్రయోగశాలలో పగలంతా నమూనాలు పరీక్షిస్తుంది. విజయవాడ నుంచి చదువుకు వచ్చిన ఆమె, కరీంనగర్ నుంచి చదువుకు వచ్చిన నవీన, ఒకప్పుడు ఇదే న్యూ లిన్‌లో ఒకే గది పంచుకున్నారు. అందువల్ల నవీన సంచీతో వచ్చిన రోజున ఇంద్రజ ఏమీ అడగకుండా దుప్పటి తీసి ఇచ్చింది.

కళ్ళ తరువాత సమాధులు. సోడా వేసి మెత్తగా ఉడికించిన కాబూలీ శనగలను ముద్దగా నూరి, దానిమీద నల్లనువ్వుల పొడి చల్లి, కాల్చిన బ్రెడ్ ముక్కలను శిలాఫలకాల్లా గుచ్చాలి. ఆ తరువాత వేళ్ళు. ఉడికిన ఆలుగడ్డలో బియ్యప్పిండి, ఉప్పు, పసుపు కలిపి పిసికిన ముద్ద పక్కనే సిద్ధంగా ఉంది. దాన్ని వేళ్ళలా చేసి, కత్తి వీపుతో కణుపులు గీసి, కొసన బాదం పలుకు గోరుగా అతికి, నూనెలో వేయించాలి. కొన్ని వేళ్ళు ముందే చేసి వరుసగా పెట్టింది నవీన. ముసలి మంత్రగత్తెవి కావలసినవి, పసుపు వల్ల పెళ్ళికూతురివిలా ఉన్నాయి.

శనగలు వార్చి, ఆ తడి చేతులతోనే ఆలుగడ్డ ముద్దను అదిమింది. చేయి తీసింది.

ముద్దమీద ఆమె వేళ్ళు అయిదూ ఎర్రగా తేలాయి.

మొదట మసకగా, చూస్తూ ఉండగానే చిక్కబడి, తడిసిన ఇటుక రంగుకు వచ్చాయి. నవీన వెనక్కి జరిగి ఫ్రిజ్‌కు ఆనుకుంది. నెలరోజులుగా స్నానం చేసినప్పుడల్లా కుడిపాదాన్ని తిప్పి అడుగు చూసుకునే అలవాటు పడిందామెకు. చదువుకున్నదే, పాదంలో ఏమీ లేదని తెలిసినదే. అయినా పదిమంది ఒకే మాట అంటూ ఉంటే ఆ మాట ఒంట్లోకి దిగడానికి నమ్మకం అక్కరలేదు, వినికిడి చాలు.

"ఇంద్రజా... నా వెంబడే వచ్చిందే అది."

ఇంద్రజ దగ్గరకు వచ్చింది. ముద్దను చూసింది, నవీన చేతిని చూసింది.

"దీన్ని ముట్టుకునే ముందు దేన్ని ముట్టుకున్నావ్?"

గృహప్రవేశం నాడు ఎవరూ అడగని ప్రశ్న అది.

"శనగలు."

"వాటిలో ఏమేశావ్?"

"సోడా. అందరేసేదే."

ఇంద్రజ ఆలుగడ్డ ముద్దలోంచి మూడు బిళ్ళలు తీసి పళ్ళెంలో పెట్టింది. ఒకదానిమీద కుళాయి నీళ్ళు చుక్క వేసింది. పచ్చగానే ఉంది. రెండోదానిమీద శనగలు వార్చిన నీళ్ళు. ఎర్రబడింది. మూడోదానిమీదా అవే నీళ్ళు వేసి, ఎర్రబడ్డాక నిమ్మచెక్క పిండింది. ఎరుపు వచ్చినంత తేలికగా పోయి పసుపు మిగిలింది.

"పసుపు సోడాను చూస్తే ఎర్రబడుతుంది. పులుపును చూస్తే మళ్ళీ మామూలవుతుంది. మా ల్యాబ్‌లో కాగితానికి పూసి పెడితే పరీక్షకు పనికొస్తుంది. దానికి నువ్వెవరో, కోడలివో, కూతురివో తెలీదే పిచ్చిదానా."

నవీన నవ్వలేదు. గదిలోకి వెళ్ళి సంచీ అడుగునుంచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులో గృహప్రవేశం నాటి మీగడరంగు పట్టుచీర ఉంది. మెట్టును రాసుకున్న కుచ్చిళ్ళ అంచున పసుపూ, దాని నడుమ అరచేతి వెడల్పున ఎర్రని మరకా అలాగే ఉన్నాయి. కాల్చేయమన్నారు. ఎందుకో ఆమెకు చేతులు రాలేదు.

ఆమె నిమ్మచెక్క అందుకోబోతుండగా గోడకున్న ఇంటర్‌కమ్ మోగింది.

"నవీనా, నేనే. తలుపు తియ్యి." సరోజిని గొంతు. "అక్షయ్ కారు పెట్టి వస్తడట. జాగ దొరుకతలేదు."

స్నేహితురాళ్ళిద్దరూ గట్టువైపు చూశారు. కళ్ళు, సమాధులు, తెగిన వేళ్ళు, వాటి నడుమ ఎర్రని అయిదు వేళ్ళు దిగిన పచ్చని ముద్ద. సర్దడానికి సమయం లేదు. సర్దితే ఎక్కడ పెట్టాలో కూడా తెలియలేదు.

సరోజిని లోపలికి వచ్చి చెప్పులు విడిచింది. కొడుకు గృహప్రవేశానికని వీసా మీద వచ్చి, ఆ ప్రవేశం చెడిపోవడంతో వెనక్కి వెళ్ళడానికి మనసొప్పక, బోటనీ డౌన్స్‌లో కూతురు రాజశ్రీ ఇంట్లో ఉంటున్నదామె. రెండు రోజులుగా మాత్రం వేలం పనిమీద కొడుకు దగ్గరే ఉంది. నిమ్మళంగా మాట్లాడుతుంది, కానీ అన్న మాట వెనక్కి తీసుకోదు.

"మంగళవారం వేలం ఉన్నది. చూడవచ్చేటోళ్ళ కోసం రెండో తాళంచెవి కావాల్నట. నీ కాడనే ఉన్నది గదా, అది తీసుకపోదామని..."

మాట అక్కడ ఆగింది. వంటింట్లో లైటు వెలుగుతున్నది.

"ఏందవి?"

"ఆలుగడ్డ, అత్తమ్మా."

"ఆలుగడ్డకు గోర్లుంటయా?"

"బాదం పలుకులు. రాత్రికి కింద పార్టీ ఉంది ఆంటీ, పిల్లలకి. దెయ్యాల పార్టీ," ఇంద్రజ కలగజేసుకుంది. చెప్పాక, చెప్పకుండా ఉండవలసిందని ఆమెకే అనిపించింది.

"దెయ్యాల పార్టీ," సరోజిని ఆ మాటను ఒకసారి తానూ అని చూసుకుంది. "ఇంటిని అమ్ముకుంటున్నది దేనికోసం, ఈమె ఇక్కడ చేస్తున్నది దేనికి?" అప్పుడామె చూపు ముద్దమీద పడింది. కొంగు నోటికి అడ్డం వెళ్ళింది. "నేను అననే అన్న. ఇల్లు కాదు, నీ ఒంట్లనే ఉన్నదని. ఇగో, ఇక్కడిదాక వచ్చింది. ఇడువదిది."

ఇప్పుడు నవీన చేయవలసింది రెండింటిలో ఒకటి. తాళంచెవి ఇచ్చి తలుపు వేసుకోవచ్చు. నెలరోజులుగా చేస్తున్నది అదే. లేదా ఇంకొకటి చేయవచ్చు. ఆమె శనగల నీళ్ళగిన్నెను గట్టు అంచుకు జరిపింది.

"అత్తమ్మా, ఒక్కసారి ఇందుల చెయ్యి ముంచుండ్రి."

"ఎందుకు?"

"శనగల నీళ్ళే. ముంచి, ఈ ముద్దమీద పెట్టుండ్రి. మీ చెయ్యి పచ్చగ పడితే తాళంచెవి ఇప్పుడే ఇస్త. ఆ ఇంటి మాట మళ్ళ ఎత్త."

"నాతోని ఆటలా?"

"నన్ను నెలనుంచి అందరు ఆడిస్తున్నరు. మీరొక్క నిమిషం ఆడుండ్రి."

కోడలు ఆ స్వరంతో మాట్లాడటం సరోజిని ఎన్నడూ వినలేదు. పౌరుషం కొద్దీ గాజులు వెనక్కి తోసుకుని చేయి ముంచింది. ముద్దకు అటు పక్కన అదిమి, విసురుగా తీసేసింది.

ముగ్గురూ చూస్తూ ఉన్నారు. కోడలి వేళ్ళకు ఎదురుగా అత్తగారి వేళ్ళు, ఉంగరం గుర్తుతో సహా, ఎర్రగా లేచాయి.

సరోజిని తన అరచేతిని ముక్కు దగ్గరకు తెచ్చుకుంది, వేళ్ళు రుద్దుకుంది, మళ్ళీ ముద్దను చూసింది. నవీన ఈలోగా చీర అంచు పరిచి, మరకమీద నిమ్మచెక్క పిండింది. పులుపు తగిలిన మేర ఎరుపు అంచులనుంచి లోపలికి కరుగుతూ పోయి, ఉత్త పసుపు మరక మిగిలింది.

"నెత్తురైతే పోతదా అత్తమ్మా, నిమ్మకాయకు?"

సరోజిని కుర్చీ లాక్కుని కూర్చుంది. ముద్దమీది ఎర్రని వేళ్ళగుర్తులు చూస్తూ అన్నది:

"పారాణి."

"ఏంటాంటీ?"

"పారాణి గాదే ఇది? పసుపుల సున్నం కలిపితే ఇదే రంగు. నీ పెండ్లికి నేనే కలిపిన, నీ కాళ్ళకు నేనే పెట్టిన. దిష్టి తీసే ఎర్రనీళ్ళు రోజు కలిపేదాన్ని, రాజశ్రీ పసిగున్నప్పుడు." ఆమె తన చేతిని ఎవరిదో అన్నట్టు చూసుకుంది. "ఇన్నేండ్లు ఈ చేతులతోనే కలిపిన. ఆ మెట్టుమీద చూసినప్పుడు మాత్రం అసలే యాదికి రాలె."

ఇంద్రజ మంచినీళ్ళు ఇచ్చింది. ఆమె తాగి, గ్లాసు పెట్టి, ఒక ఆలుగడ్డ వేలును దగ్గరకు తీసుకుని బాదం గోరు పీకి నోట్లో వేసుకుంది. నవీనకు ఆ నమిలే చప్పుడు క్షమాపణలా వినిపించింది. అంతకన్నా పెద్దది ఆమె ఆశించలేదు.

"అక్షయ్‌కు నేను చెప్త. వేలం ఆపుమని. నీ తాళంచెవి నీ కాడనే ఉండనీ బిడ్డా."

నవీన జేబులో నుంచి తాళంచెవి తీసి బల్లమీద పెట్టింది. తన ఇంటిది. ఆ ఇల్లు వెతికింది ఆమె. వెనక తోటలోని ఫెజోవా పండ్ల చెట్టును చూసి, లోపలి గదులు చూడకముందే ఇష్టపడింది ఆమె. అక్షయ్ సరేనన్నాడు. అతను దేనికైనా సరేనంటాడు. సరేనన్నవాటిలో ఏవి ఇష్టమో తెలుసుకోవడం ఆమెకు ఇంకా అలవాటు కాలేదు. ఈ నెలలోనూ తల్లి చెప్పినప్పుడు తల్లికి సరేనన్నాడు, నవీన ఏడ్చినప్పుడు నవీనకు సరేనన్నాడు.

"ఒక్కటి మాత్రం అర్థం కాట్లేదు," అంది ఇంద్రజ. ప్రయోగశాలలో ఫలితం రాగానే సంతోషించడం, ఆ వెంటనే దాన్ని అనుమానించడం ఆమె వృత్తిధర్మం. "మెట్టుమీదే సోడాలాంటిది ఏదో ఉందనుకుందాం. పెయింట్ వేసేముందు షుగర్ సోప్‌తో కడుగుతారుగా, అదే అయ్యుండొచ్చు. అప్పుడు అక్షయ్ అడుగు కూడా ఎర్రబడాలి."

"వాని అడుగు పచ్చగనే ఉండె," అన్నది సరోజిని.

"అంటే మెట్టుమీద కాదు. కాళ్ళు కడిగిన నీళ్ళలో. ఇద్దరికీ ఒకే నీళ్ళా ఆంటీ?"

సరోజిని కళ్ళు మూసుకుని ఆ రోజును మళ్ళీ నిలబెట్టుకుంది. "రెండు చెంబులు. కొడుక్కు రాగిది, కోడలికి స్టీలుది. ఆడబిడ్డ కాళ్ళు కడగాలె గదా. రాజశ్రీ పోసింది."

ఈ నెలంతా నవీనకు రోజూ ఫోన్ చేసిన మనిషి రాజశ్రీ ఒక్కతే. తమ వీధిలోనే ఇల్లు తీసుకోమని అన్నను చాలాకాలం సతాయించిన మనిషీ ఆమే. ఇవాళ్టి విందుకు తనూ ఒక పళ్ళెం చేసి తెస్తానన్నది.

"నా బిడ్డ అట్లాంటిది కాదు," అన్నది సరోజిని.

"నేనేమనలె అత్తమ్మా."

"డిష్‌వాషర్ పొడి అయినా అంటుకుని ఉండొచ్చు చెంబుకి," అంది ఇంద్రజ. "అదీ ఈ జాతిదే. కావాలని చేశారనడానికి మన దగ్గర ఏమీ లేదు. పసుపు ఎందుకు ఎర్రబడిందో చెబుతుంది గాని, ఎవరు ఎర్రబరిచారో చెప్పదుగా."

తలుపు దగ్గర అలికిడైంది. సరోజిని సరిగా వేయని తలుపును భుజంతో తోసుకుని రాజశ్రీ వచ్చింది. ఆమె వెనక రెండు చేతులతో పెద్ద పళ్ళెం పట్టుకుని అక్షయ్.

"కింద అన్న కలిసిండు. కారుకు జాగ దొరుకక మూడు చక్కర్లు కొట్టిండట పాపం. వదినా, చూడు నా దెయ్యాలు! అమ్మా, నువ్వు భయపడొద్దు మరి."

పళ్ళెంలో పచ్చని ఇడ్లీ దెయ్యాలు బారులు తీరి నిలబడి ఉన్నాయి. పసుపు వేసిన పిండిని ముసుగుల ఆకారంలో ఉడికించి, మిరియాలు కళ్ళుగా గుచ్చింది. ఒక్కొక్క కంటి కిందనుంచి సన్నని ఎర్రని ధార. ఎంతో ఓపికగా, అందంగా గీసిన ధార.

నవీన ఆ ధారను వేలితో చూపించి అడిగింది: "ఫుడ్ కలరా రాజశ్రీ?"

"రంగులా? మా పిల్లగాడు బన్నీ తింటడు, రంగులెట్ల వేస్త? ఉత్త పసుపే వదినా. సోడా నీళ్ళు బాగ మరిగించి, ఆరినంక బ్రష్‌తోని గీసిన. ఎర్రగయితది. బాగలేదా?"

ఆమె ముఖంలో దాచుకున్నదేదీ కనిపించలేదు. మెచ్చుకోలు కోసం ఎదురుచూసే ముఖం అది. సరోజిని కుర్చీలోంచి లేచింది.

"నీకిది ఎవరు నేర్పిచ్చిండ్రు?"

"ఎవరేందమ్మా? మార్చిల బన్నీ బడిల సైన్స్ ప్రాజెక్టు ఉండె గదా. వాని మామనే కూసోబెట్టి చూపించిండు." రాజశ్రీ వెనక్కి తిరిగింది. "ఏం అన్నా, నువ్వే గదా?"

గృహప్రవేశం ఏప్రిల్‌లో.

అక్షయ్ పళ్ళెం ఇంకా పట్టుకునే ఉన్నాడు. అతని ముందు గట్టుమీద, పచ్చని ముద్దలో, ఎదురెదురుగా దిగిన రెండు ఎర్రని చేతులు ఉన్నాయి. ఇవేమిటని అతను అడగలేదు. రాజశ్రీ వాటిని ఇంకా గమనించలేదు; చూసినవాళ్ళలో ఆశ్చర్యపోనివాడు అతనొక్కడే.

"అక్షయ్," అన్నది నవీన, "ఆ రోజు స్టీలు చెంబు నింపింది ఎవరు?"

అతను ఆమె ముఖంకేసి చూడలేదు. బల్లమీద ఉన్న తాళంచెవికేసి చూశాడు, ఈపాటికి తల్లి చేతికి రావలసినది ఇంకా అక్కడే ఉందే అన్నట్టు.

ఆ ఇంటికి అతను అన్న సరే ఇష్టం లేని సరే అని నవీనకు అప్పుడు తెలిసింది. ఆమె చేయి చాచి తాళంచెవిని గుప్పిట్లోకి తీసుకుంది.